పదికి మూడండీ!

మెడనొప్పి లేని మనిషిని నేను నమ్మను.

అలాంటివాడు మీ ఎదురుగా కూర్చుని, తలని ఇటూ అటూ హాయిగా తిప్పుతూ మాట్లాడుతున్నాడంటే పనీపాటా లేనివాడైనా అయ్యుండాలి, మేనేజరైనా అయ్యుండాలి. మిగతా అందరికీ ఎక్కడో ఒకచోట పట్టేసే ఉంటుంది. పట్టెయ్యలేదంటే ఆ మనిషి జీవితంలో ఏదో లోపం ఉందన్నమాటే.

జనం నొప్పిని అన్యాయంగా ఆడిపోసుకుంటున్నారు. టీవీ పెడితే నొప్పికి బామ్. ఫోను తీస్తే నొప్పికి యోగా. వీధిలోకొస్తే నాలుగడుగులకో మసాజ్ సెంటరు. ఇంతమంది నోట్లోకి నాలుగు మెతుకులు పంపిస్తున్న నొప్పిని పట్టుకుని శత్రువు అనడానికి మనకి మనసెలా ఒప్పుతోంది?

నా సంగతే తీసుకోండి. నాకు యాభై నాలుగేళ్ళు. ఒక బీమా కంపెనీలో క్లెయిముల ఫైళ్ళు చూస్తుంటాను. నిన్నమొన్నటిదాకా మా బంధువుల్లో నన్ను పట్టించుకున్న నాథుడు లేడు. పెళ్ళిళ్ళలో కనిపిస్తే "బాగున్నారా" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయేవారు. మెడ పట్టేసిన దగ్గర్నుంచి చూడాలి నా వైభవం! మా తోడల్లుడు, పదకొండేళ్ళుగా నాతో ముక్తసరిగా తప్ప మాట్లాడని మనిషి, ఫోన్ చేసి ఏ పక్కకి తిరిగి పడుకుంటున్నారని అడిగాడు. ఆయనకీ మెడేనట! గంటంబావు మాట్లాడుకున్నాం. మా ఇద్దరి పెళ్ళిళ్ళూ చెయ్యలేని పని రెండు మెడలు చేశాయి.

ఇంట్లో గౌరవం సంగతి సరేసరి. అటక మీద పెట్టెలు దించాలంటే ఇప్పుడు నన్నెవరూ పిలవరు. మా ఆవిడే స్టూలెక్కి దించుకుంటోంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులున్న మాట నిజమే గానీ, మోకాళ్ళకీ అటకకీ సంబంధం లేదని మా ఇంట్లో ఒక అభిప్రాయం ఉంది. ఆ అభిప్రాయం నాదే.

ఇక మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఇష్టంలేక అంతా అంకెల వంక చూసేవాళ్ళం. ఇప్పుడు నేను మెడ మీద చెయ్యి వేసుకుంటే చాలు, నాలుగో అంతస్తువారు తమ నడుము గురించి మొదలుపెడతారు. ఐదో అంతస్తువారికి మడమ. ఆరో అంతస్తువారికి నొప్పి ఎక్కడుందో తెలీదు, అంతటా ఉందంటారు. ఆయన్ని చూస్తే మా అందరికీ అసూయ.

ఇంతటి సంపద నాకు ఎక్కడి నుంచి వచ్చిందంటారా? మా ఆఫీసు కుర్చీ నుంచి. కృతజ్ఞత లేకుండా ఎలా ఉండగలను?

ఆ కుర్చీ గురించి రెండు మాటలు చెప్పాలి. దానికి ఐదు చక్రాలుండాలి, నాలుగున్నాయి. ఐదోదాని బదులు పాత రిజిస్టరొకటి మడిచి పెట్టాను. స్పాంజి ఏనాడో అరిగిపోయి చెక్క బయటపడింది. వెనక ఆనుకుంటే ఆకాశం కనిపిస్తుంది. అన్నిటికన్నా విశేషం, అది కూర్చున్నవాణ్ణి మెల్లమెల్లగా కిందికి దించుతుంది. పొద్దున కూర్చునేటప్పుడు టేబుల్ నా పొట్ట దగ్గరుంటుంది. మధ్యాహ్నానికి ఛాతీ దగ్గరికొస్తుంది. సాయంత్రానికి గడ్డం టేబుల్ మీద పెట్టి సంతకాలు చేస్తుంటాను. మా సెక్షన్‌లో ఇరవైరెండు మందిమి, ఇరవైరెండు కుర్చీలదీ ఇదే తంతు. నాలుగు దాటాక మా హాల్లోకి ఎవరైనా వస్తే టేబుళ్ళ మీద తలకాయలు మాత్రమే కనిపిస్తాయి.

కొత్త కుర్చీలు కావాలని మూడేళ్ళలో ఆరు అర్జీలు పెట్టుకున్నాం. ఆరింటికీ జవాబుగా ఒక సర్క్యులర్ వచ్చింది. ఉద్యోగుల ఆరోగ్యమే సంస్థ ఆరోగ్యమనీ, అందుచేత ముందుగా మూడు నెలలపాటు, నొప్పులు తగ్గకపోతే ఆపైనా వెల్‌నెస్ కార్యక్రమం జరుపుతున్నామనీ, చికిత్సా యోగా, మర్దన రెండూ ఉంటాయనీ అందులో ఉంది. కుర్చీల ఊసు లేదు. కుర్చీ మారిస్తే కుర్చీ ఒక్కటే బాగుపడుతుంది. మనిషిని బాగుచేస్తే ఎలాంటి కుర్చీలోనైనా కూర్చోగలడు కదా! ఎంత దూరదృష్టి!

స్టోర్‌రూమ్‌లోని పాత ఫైళ్ళు వరండాలోకి వచ్చాయి. స్టోర్‌రూమ్‌లోకి మసాజ్ బల్ల వచ్చింది. తల పెట్టేచోట గుండ్రంగా కన్నం ఉన్న బల్ల. దానితోపాటు ఒక ఏజెన్సీ తరఫున థెరపిస్టు ఒకావిడ వచ్చారు. నలభై దాటి ఉంటాయి, నెమ్మదైన మనిషి. ఇంతకుముందు ఇంటింటికీ తిరిగి, కాలూచెయ్యీ పడిపోయినవాళ్ళకి మర్దన చేసేవారట. మా ఆఫీసు పని స్థిరంగా ఉంటుందని నమ్మి ఆ ఇళ్ళన్నీ వదులుకుని వచ్చారు. మొదటి రోజు మేడమ్ అన్నాం. రెండో రోజుకి మా పెద్దాయన దగ్గర్నుంచి అందరికీ అక్క అయిపోయారు. ఈ పెద్దాయన నా పక్క సీటు, రిటైర్మెంట్‌కి రెండేళ్ళు. ఆవిడ కన్నా పదహారేళ్ళు పెద్ద.

పొద్దున పదకొండింటికి యోగా. ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని చెయ్యాలి. ఊపిరి పీల్చుకుంటూ చేతులు పైకెత్తి, వదులుతూ ఒక పక్కకి వంగాలి. చక్రాల కుర్చీలో వంగితే ఏమవుతుందో సర్క్యులర్‌లో రాయలేదు. మొదటి రోజు పెద్దాయన కళ్ళు మూసుకుని ఎంతో నిష్ఠగా వంగారు. కళ్ళు తెరిచేసరికి అకౌంట్స్ సెక్షన్‌లో ఉన్నారు. అక్కడివాళ్ళు మర్యాదస్తులు, టీ ఇచ్చి పంపించారు.

మధ్యాహ్నం నుంచి మర్దన. మనిషికి ఇరవై నిమిషాలు. అక్క చేతుల గురించి మాత్రం వేళాకోళం ఆడలేను. బల్ల మీద బోర్లా పడుకోగానే వేడి తువ్వాలు వేసి, వెన్నుకి రెండు పక్కలా బొటనవేళ్ళతో మెల్లగా వెతుక్కుంటూ వస్తారు. రెక్క ఎముక కింద ఒకచోట ఆగుతారు. అక్కడే ఉంటుంది ముడి. పదేళ్ళుగా నాకే తెలియని చోటు ఆవిడకి పది సెకన్లలో దొరికింది.

వదిలెయ్యండి అంటారు. వదిలేశానంటాను. వదల్లేదు, భుజం చెవి దగ్గరే ఉంది అంటారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఫైళ్ళు మోసిన భుజం, ఎవరో ఒకావిడ వదిలెయ్యమంటే వదిలేస్తుందా? దానికీ పై అధికారి సంతకం కావాలేమో.

అంతా అయ్యాక లేపి కూర్చోబెట్టి, కాగితం తీసి అడుగుతారు, సున్నా నుంచి పది దాకా ఇప్పుడు నొప్పి ఎంతుందని. ఏజెన్సీవాళ్ళ ఫారం అది. బల్ల ఎక్కకముందు ఒక అంకె, దిగాక ఒక అంకె వెయ్యాలి.

ఇక్కడే మీకు మన జాతి గొప్పతనం చూపించాలి.

మొదటి రోజు ఎక్కేముందు ఎనిమిదన్నాను. నిజమే, ఎనిమిదే. దిగాక మెడ కాస్త తేలికపడింది. లోపల లెక్క వేసుకుంటే ఐదని తేలింది. చెబుదామని తలెత్తాను. అక్క నుదుటి మీద చెమట. కుడి మణికట్టుని ఎడం చేత్తో పట్టుకుని నొక్కుకుంటూ, నవ్వుమొహంతో నా వంక చూస్తున్నారు. ఇరవై నిమిషాలు నా బండ మెడతో కుస్తీ పట్టిన మనిషిని పట్టుకుని ఐదంటామా? భోజనం పెట్టిన ఇల్లాలి ఎదుట కూరలో ఉప్పు తగ్గిందని ఏ పెద్దమనిషైనా అంటాడా?

మూడండీ అన్నాను. ఆవిడ రాసుకున్నారు.

పెద్దాయన నాకన్నా మర్యాదస్తులు. సున్నా అని చెప్పి, గోడ పట్టుకుని బయటికొచ్చారు. ఏదో పాపం, అంత కష్టపడుతోంది, నోరెలా వస్తుందయ్యా అన్నారు నాతో. డెస్పాచ్ అమ్మాయి ఒకటంది. ఆ వరస ఇంక ఆగలేదు. రెండో వారం నుంచి ఇంకో చిక్కొచ్చింది. కిందటిసారి మూడని చెప్పిన మనిషి ఈసారి మళ్ళీ ఎనిమిదంటే, పాత మూడు అబద్ధమని తేలిపోదూ? అందుకని ఎక్కేముందు కూడా నాలుగనడం మొదలుపెట్టాం. దిగాక రెండు. ఇంకో వారానికి ఒకటి. నొప్పి యథాతథంగా మెడలోనే ఉంది, అంకె మాత్రం దిగిపోయింది. ఏ శాస్త్రమూ కనిపెట్టని వైద్యం ఇది. దీని పేరు మొహమాటం!

ఇంత గొప్ప నొప్పి మందు ఇంకొకటి చూపించండి, చూద్దాం. ఖర్చు లేదు, సైడ్ ఎఫెక్టులు లేవు అనుకున్నాను. సైడ్ ఎఫెక్టు మూడు నెలలకి వచ్చింది.

మేనేజర్ గారు మమ్మల్నందర్నీ నిలబెట్టి గోడ మీద గ్రాఫ్ వేసి చూపించారు. గీత కొండ మీద నుంచి జారినట్టు కిందికి వచ్చి సున్నా అంచున ఆగింది. మా సెక్షన్‌లో నొప్పి నూటికి తొంభైనాలుగు వంతులు నిర్మూలమైందని ప్రకటించి, ముందుగా ఆయనే చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. చెయ్యెత్తేసరికి నాకు భుజం కలుక్కుమంది. అయినా కొట్టాను.

ఆ చప్పట్లు ఆగకముందే సర్క్యులర్ చదివారు. నొప్పి పోయింది కాబట్టి శుక్రవారంతో కార్యక్రమం ముగింపు. కుర్చీల ప్రతిపాదన అవసరం తీరింది కాబట్టి రద్దు. ఉద్యోగులు సంపూర్ణ ఆరోగ్యవంతులయ్యారు కాబట్టి ఇకపై రోజుకి నలభై ఫైళ్ళ బదులు యాభైఐదు. థెరపిస్టు గారికి ప్రశంసాపత్రం.

ప్రపంచంలో పని సరిగ్గా చెయ్యలేదని ఉద్యోగం పోయినవాళ్ళని చూశాను. పని ఇంత బాగా చేశారని ఉద్యోగం పోయిన మనిషిని అక్కనే చూశాను.

గురువారం నా వంతు వచ్చింది. బోర్లా పడుకున్నాను. బల్ల కన్నంలోంచి చూస్తే నేలా, అక్క పాదాలూ తప్ప ఏమీ కనబడవు. పాదాలు వాచిపోయి ఉన్నాయి. ఒక కాలి మీద బరువు వేసి, కాసేపటికి ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నారు. వదిలేసిన ఇళ్ళవాళ్ళు మళ్ళీ పిలుస్తారా అని అడిగాను. వాళ్ళు వేరేవాళ్ళని పెట్టుకున్నారట. ఏజెన్సీవాళ్ళు ఇంకో చోటు దొరికితే చెబుతామన్నారట. నా మొహం కిందికి ఉండబట్టి సరిపోయింది, ఆవిడకి కనబడలేదు.

లేచి కూర్చున్నాక ఇక ఆపుకోలేక చెప్పేశాను. "అమ్మా, మేమంతా అబద్ధం చెప్పాం. నాది ఎప్పుడూ మూడు కాదు."

అక్క నూనె సీసాకి మూత పెడుతూ అన్నారు. "తెలుసండి. నా చేతికి మీ భుజం మొదటి రోజే చెప్పింది. మీరు మూడన్నారు. పెద్దవారు, మీ మాట కాదనడం బాగుంటుందా? మూడే రాశాను."

నాకు సిగ్గేసింది. నొప్పి నాది, నొప్పి తెలిసిన చెయ్యి ఆవిడది. ఒకరినొకరు నొప్పించకూడదని ఇద్దరం కలిసి మూడు నెలలు అబద్ధాల పట్టిక తయారుచేశాం. దాంతో ఆవిడ పని పోయింది, నాకు రోజుకి పదిహేను ఫైళ్ళు పెరిగాయి.

శుక్రవారం పొద్దున అక్కని ప్రశంసాపత్రం తీసుకోవడానికి మేనేజర్ గారి గదికి పిలిచారు. పెద్దాయననీ లాక్కుని నేనూ వెనకాలే వెళ్ళాను. మాకింకా నొప్పులున్నాయని చెప్పాను. మేనేజర్ గారు చెడ్డ మనిషేం కాదు. కళ్ళజోడు తీసి, శాంతంగా అడిగారు.

"అంటే మూడు నెలలుగా ఈవిడ ఏమీ చెయ్యలేదంటారా? ఆ ముక్కే రాసివ్వండి. ఏజెన్సీకి పంపిస్తాను."

పెద్దాయన నా చొక్కా వెనక నుంచి లాగారు. నొప్పి లేదంటే అక్క పని ఈరోజుతో పోతుంది. ఉందంటే అక్క పేరే పోతుంది, ఇంకెక్కడా పని పుట్టదు. అక్క నేల చూపులు చూస్తున్నారు. జీవితంలో ఎన్నో ఫైళ్ళలో ఎన్నో మెలికలు చూశాను గానీ ఇలాంటి మెలిక చూడలేదు.

"చేశారండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఎనిమిదిని ఐదు చేస్తారు. నేను మర్యాదకి మూడని చెప్పాను. ఆ ఐదుని సాయంత్రానికల్లా కుర్చీ మళ్ళీ ఎనిమిది చేస్తుంది. ఆవిడ దించుతారు, అది ఎక్కిస్తుంది."

కుర్చీ అన్నాక కుర్చీలాగే ఉంటుంది, అది మనిషినేం చేస్తుందన్నారు ఆయన. అయితే నా సీట్లో కూర్చుని ఒక్క ఫైలు చూడమన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళలో నేను పై అధికారికి పని చెప్పడం అదే మొదటిసారి. పౌరుషం కలిగిన మనిషి, లేచి వచ్చారు.

మెట్ల మీద నుంచి జారిపడిన ఒకాయన ఫైలు ఇచ్చాను. అరవై పేజీలు. పదో పేజీకి ఆయన ఒకసారి సర్దుకున్నారు. ఇరవయ్యో పేజీకి రెండో పక్కకి ఒరిగారు. కుర్చీ తన పని తాను చేసుకుపోతోంది. నలభయ్యో పేజీ దగ్గర టై కొస టేబుల్ మీదికి ఎక్కింది. సెక్షనంతా ఫైళ్ళు చూస్తున్నట్టు నటిస్తూ ఆయన్నే చూస్తోంది. చివరి పేజీ తిప్పి, టేబుల్ అంచు రెండు చేతులా పట్టుకుని, మూడో ప్రయత్నంలో లేచారు.

అక్క ఫారం తీశారు. ఎంతండి సార్ అని అడిగారు.

ఆయన చుట్టూ చూశారు. ఇరవైరెండు మొహాలు. ఆయన మాత్రం మనిషి కాదా? ఆయనకి మాత్రం మొహమాటం ఉండదా?

"పర్లేదు. రెండు," అన్నారు.

ఆ రెండు కాగితం మీద పడితే అంతా అయిపోయినట్టే. మూడు నెలలుగా మేం నేర్చుకున్న అబద్ధాన్ని ఆయన ఒక్క ఫైలులో నేర్చేసుకున్నారు.

అక్క కలం కాగితం మీద ఆగింది. పెద్దాయన్ని చూశారు, నన్ను చూశారు. కలం చెవి మీద పెట్టుకుని, ఒక్క నిమిషం సార్ అని ఆయన వెనక్కి వెళ్ళి, ఎడమ రెక్క ఎముక కింద బొటనవేలు ఆన్చారు. నొక్కలేదు, ఆన్చారంతే. మేనేజర్ గారి నోట్లోంచి వచ్చిన శబ్దం అకౌంట్స్ సెక్షన్ దాకా వినిపించింది.

"ఇది రెండు కాదు సార్," అన్నారు అక్క. చెవి మీది కలం తీశారు. "ఏడు. ఏడే రాస్తున్నాను."

రాశారు. కాగితం ఆయన ముందు పెట్టారు. ఆయన ఆ అంకె చూసి, భుజం తడుముకుంటూ సంతకం పెట్టారు.

కార్యక్రమం ఇంకో ఆర్నెల్లు పొడిగించారు. యాభైఐదు ఫైళ్ళ మాట ఎవరూ ఎత్తడం లేదు. ఇప్పుడు మా సెక్షన్‌లో ఎవరూ అంకె చెప్పరు, అక్కే వెన్ను పట్టుకుని చూసి రాసుకుంటారు. కుర్చీలు మాత్రం పరిశీలనలో ఉన్నాయి. పరిశీలించేవారు నిలబడి పరిశీలిస్తున్నారని వినికిడి.

ఇక పాఠకులతో ఒక చిన్న మాట. నొప్పంత వరం లేదని ఇంతసేపూ వాదించాను. పత్రిక ఎడిటర్ గారు ఫోన్ చేసి, ఏదైనా సరదాగా రాయండి, జనం నవ్వుకోవాలి అన్నారు. మంచి మనిషి, కాదనలేకపోయాను. మీరూ మంచివారే, ఓపిగ్గా ఇంతదాకా చదివారు. బాగున్నారా అని అడిగేలా ఉన్నారు. మీ మనసు కష్టపెట్టడం నాకేమాత్రం ఇష్టం లేదు.

కానీ ఈ వ్యాసం భోజన విరామంలో అదే కుర్చీలో కూర్చుని రాశాను. నొప్పిగా ఉందండీ. చాలా నొప్పిగా ఉంది. కుర్చీ మార్చండి.